రెండు గీతల కుండ

మా తోడికోడలు భారతి మామిడికాయ తొక్కు తినేది. ముందుగా ఈ సంగతి చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. వెల్లుల్లి దంచి వేసి, మెంతిపిండి కలిపి, నూనె పైకి తేలేలా పెట్టిన తొక్కు. రాత్రి అన్నంలో ఇంత ముద్ద కలుపుకుని, వేళ్ళు నాకి, పడుకుని, తెల్లారి లేచి వచ్చి ఆరు కప్పుల చాయ్ వరసగా రుచి చూసేది. ఏ కప్పులో చాయ్ ఏ కొండ మీద పండిందో చెప్పేది. నేనేమో పన్నెండేళ్ళుగా తొక్కు ముట్టలేదు. పచ్చి ఉల్లిగడ్డ తినలేదు. పేరంటానికి పోతే ఇచ్చిన తమలపాకులు కొంగున కట్టుకొచ్చి, మా ఇంట్లో అంట్లు తోమే యాకమ్మకు ఇచ్చేదాన్ని. అంత కట్టడిలో పెంచుకున్న నాలుక నాది.

మాది వరంగల్ చౌరస్తా దగ్గరి బజారులో చాయపత్తి దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మా మామ వీరభద్రం సేటు అంటే ఇటు వర్ధన్నపేట నుంచి అటు ములుగు దాకా హోటళ్ళ వాళ్ళందరికీ తెలుసు. ఆయన అమ్మేది ఒక తోట చాయపత్తి కాదు. అస్సాం పొడి, డూఆర్స్ పొడి, నీలగిరి ఆకు, ఎప్పుడైనా కాస్త డార్జిలింగ్, వీటిని పాళ్ళు చూసి కలుపుతారు. అస్సాం పొడికి రంగూ బలమూ ఎక్కువ. డూఆర్స్ కూడా అదే తీరుది, ధర తక్కువ. నీలగిరికి వాసన. డార్జిలింగ్ గొప్పింటి పిల్ల, పాలు పోస్తే అలుగుతుంది. హోటల్లో పాలు పోయకుండా చాయ్ ఎవడు తాగుతాడు చెప్పండి, అందుకే దాన్ని మేం చిటికెడే కొనేవాళ్ళం.

కలపడంలో మా ఇంటి పద్ధతి ఒకటుంది. ఎవరైనా కొత్తగా హోటల్ పెట్టి చాయపత్తి కోసం వస్తే మామ మొదట అడిగే మాట, "నీ బాయి నీళ్లు తెచ్చినవా?" తేకపోతే ఎంత పెద్దవాడైనా సరే, పోయి తెచ్చుకోవలసిందే. ఒకే చాయపత్తి మా ఇంటి బావి నీళ్ళలో ఒక తీరుగా, ములుగు నీళ్ళలో ఇంకో తీరుగా దిగుతుంది. మా బావివి ఉప్పు నీళ్ళు. వాటిలో నీలగిరి వాసన చచ్చిపోతుంది, పైన తెట్టు కడుతుంది. అస్సాం పొడి దట్టంగా వేస్తేనే చాయ్ నిలబడుతుంది. ములుగువి అడవి నీళ్ళు, తేలిక. అక్కడ అస్సాం ఎక్కువైతే నోరంతా వగరు. అందుకని ఏ ఊరి హోటల్‌కు ఆ ఊరి నీళ్ళతోనే రుచి చూసి పాళ్ళు కుదిర్చేవాళ్ళం. పాళ్ళు మార్చాల్సి వచ్చినప్పుడల్లా హోటల్ వాళ్ళు రెండు సీసాల్లో నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టి, బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేవారు.

ఆ నీళ్ళ బాధ్యత నాది. సీసా వాసన పోవడానికి వాటిని చిన్న మట్టికుండల్లో పోసి ఒక రాత్రి ఉంచేదాన్ని. కుండల మెడ మీద సున్నంతో గీతలు పెట్టింది కూడా నేనే. ఒక గీత మా ఇంటి బావి, రెండు గీతలు ములుగు, మూడు గీతలు వర్ధన్నపేట. నేను తప్ప ఆ కుండలను ఎవరూ ముట్టేవారు కారు.

నీళ్ళే కాదు, రుచి చూసేదీ నేనే. నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు, అరవై ఎనిమిదిలో, మామకు జలుబు చేసి నెల రోజులు వదల్లేదు. వర్ధన్నపేట ఉప్పలయ్య హోటల్ చాయపత్తి కోసం వచ్చి కూర్చున్నాడు. మామ ఏం చేయాలో తోచక రెండు కప్పులు లోపలికి పంపి నన్ను తాగి చెప్పమన్నారు. చెప్పాను. సరిపోయింది. ఆ మరునాడు ఆయన ఇంటి నడవలో తన పీట పక్కన ఇంకో పీట వేసి, "కూసో బిడ్డా" అన్నారు. అత్త అప్పటికే పోయారు. మా ఆడవాళ్ళు దుకాణంలో కూర్చోరు కనుక ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. హోటళ్ళ వాళ్ళు వచ్చి "సేటు నాలుకంటే నాలుకే" అని పొగిడినప్పుడల్లా మామ లోపలి తలుపుకు వేలాడే పరదా వైపు ఒక్కసారి చూసేవారు. పరదా వెనక నేను ఉంటానని ఆయనకు తెలుసు. ఆ ఒక్క చూపు కోసం నేను తొక్కు మానేశాను. ఎవరేమనుకున్నా సరే, అదే నిజం.

రుచి చూసేది పొద్దున్నే, ఏమీ తినకముందు. బొగ్గుల కుంపటి మీద నీళ్ళు మరగాలి. చిన్న తక్కెడలో పావలా బిళ్ళ ఎత్తు చాయపత్తి తూచి ఒక్కో కప్పులో వేయాలి. మీద మరిగే నీళ్ళు పోసి, సాసరు మూసి, గోడ గడియారంలో అయిదు నిమిషాలు చూడాలి. తర్వాత చెంచాతో తీసి సుర్రుమని జుర్రాలి. మెల్లగా తాగితే రుచి నోరంతా పరుచుకోదు. కొత్తలో మామ ముందు అంత చప్పుడు చేయాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆయన "సప్పుడు రావాలె బిడ్డా, సప్పుడు రాకుంటె సాటుకు తాగినట్టే" అనేవారు. జుర్రి, నోట్లో తిప్పి, ఇత్తడి గిన్నెలో ఉమ్మేయాలి. తర్వాత పాలు పోసి మళ్ళీ చూడాలి.

భారతి డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో మా మరిది భాస్కర్ భార్యగా వచ్చింది. తండ్రి రైల్వేలో గార్డు, కాజీపేట క్వార్టర్లలో పెరిగిన పిల్ల. పెళ్ళయిన వారం లోపే ఇది జరిగింది. ఆ పొద్దున ఒక ఏజెంటు "అసలు అస్సాం" అని పంపిన నమూనాను నేను చూసి మంచిదేనన్నాను. మామ సరే అన్నారు. భారతి ఎంగిలి కప్పులు తీయడానికి వచ్చి, అదే నమూనాది ముట్టకుండా మిగిలిన ఒక కప్పును ఎత్తి, నిలబడే గుటుక్కున ఒక గుక్క తాగింది.

"అక్కా, గిండ్ల రెండు తీర్లున్నయ్" అంది. "మొదలు ఒకటొస్తాంది, ఎనుక ఇంకోటొస్తాంది."

నేను నవ్వాను. మామ నవ్వలేదు. మళ్ళీ నీళ్ళు మరగబెట్టించి, కళ్ళు మూసుకుని చూసి, "డూఆర్స్ కలిపిండు" అన్నారు. ఏజెంటును పిలిచి అడిగితే వాడు నీళ్ళు నమిలి ఒప్పుకున్నాడు. అప్పుడు నవ్వారు మామ, గట్టిగా, భుజాలు ఊగేలా. పన్నెండేళ్ళలో నాకోసం ఆయన అట్లా నవ్వలేదు.

"నీకెట్ల తెలిసిందే?" అని అడిగారు.

"మా నాయిన డ్యూటీ దిగొచ్చినప్పుడు కూజల నీళ్లు మిగిలేటియి మామా. ఒక్కోసారి ఒక్కో స్టేషన్ల నింపుకునేటోడు. డోర్నకల్, బల్లార్షా, రామగుండం. ఏ స్టేషన్ నీళ్లో నోట్లె పోసుకొని చెప్పాలె. చెప్పినోళ్లకు బిస్కెట్. అన్ని బిస్కెట్లు నేనే తిన్న."

"ఓ రైలు పిల్లా, నువ్వు గూడ పీట తెచ్చుకో" అన్నారాయన.

రైలు పిల్ల. నాకు ఏ ముద్దు పేరూ పెట్టలేదు ఆయన. అనసూయ అంటే అనసూయే.

కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారు చూడండి, నేను పోసుకున్నాను. దాచుకోవడానికేం లేదు. మామ మధ్యన, నేను కుడివైపు, ఆమె ఎడమవైపు. నేను "నీలగిరి" అనేలోపు ఆమె "నీలగిరే, గానీ వానకాలం ఆకు" అనేది. నేను కప్పు మూడుసార్లు చూసి చెప్పేది ఆమె ఒక గుక్కలో చెప్పేది. చెప్పి, ఏమీ జరగనట్టు జడ ముడుచుకుని లేచిపోయేది. గర్వపడినా బాగుండేది, తిట్టుకోవడానికి నాకు ఒక కారణం దొరికేది. ఒకరోజు కావాలనే పచ్చిపులుసులో మిరపకాయలు రెట్టింపు కాల్చి పిసికాను. ఇంట్లో అందరూ నీళ్ళ కోసం పరుగెత్తారు. ఆమె రెండోసారి పోయించుకుని "అక్కా, ఇయ్యాల మస్తుగున్నది" అంది. తెల్లారి ఆరు కప్పులకు ఆరూ చెప్పింది. నా నాలుకే పొక్కి నాకేమీ తెలియలేదు.

మా ఆయన మల్లికార్జున్‌తో చెప్పుకుంటే, "ఇద్దరుంటె మంచిదే గద, నీకు పని తక్కువైతది" అన్నాడు. ఆయనకు చాయ్ వేడిగా ఉంటే చాలు, అది అస్సాందైనా అంబలైనా ఒకటే. ఆ తర్వాత ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఒక్క ములుగు మాత్రం నాకు మిగిలింది. ములుగు సారయ్య హోటల్ చాయ్ నేను మొదటిసారి సొంతంగా కుదిర్చిన చాయ్. రెండు పాళ్ళు నీలగిరి, ఒక పాలు అస్సాం. తొమ్మిదేళ్ళుగా సారయ్య అదే కొంటున్నాడు. భారతి వచ్చాక కూడా ములుగు జోలికి ఎవరూ రాలేదు.

ఎనభైలో సమ్మక్క జాతర వచ్చింది. జాతరకు నెల ముందే సారయ్య దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. నేను పరదా వెనక నిలబడి వింటున్నాను.

"సేటూ, జాతరకు పోయే బస్సులన్నీ మా హోటల్ ముంగట్నే ఆగుతయ్" అన్నాడు. "లోకమంత దిగుతది. నీ చాయ్‌కి తిరుగు లేదు, గానీ ఈసారి జర ఇంకింత కమ్మగుండాలె. తాగినోడు వాపస్ పోయేటప్పుడు మల్ల నా కాడ్నే దిగాలె."

"ఫికర్ చెయ్యకు. నీళ్లు తోలియ్యి" అన్నారు మామ.

"సేటు నాలుకున్నంక నాకేం ఫికర్."

మామ పరదా వైపు చూశారు. నేను పరదాకు ఈ అంచున ఉన్నాను. ఆయన చూపు ఆ అంచుకు పోయింది. అక్కడ భారతి చాటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

సారయ్య పోయాక లోపలికి వచ్చి చెప్పారు. "కూనూర్ నుంచి కొత్త నీలగిరి వచ్చింది. ఈసారి ములుగుది భారతిని సూడనీ. అనసూయా, నీళ్లు జర నువ్వు సూసుకో."

ఎప్పుడూ చూసుకునేదాన్నే కదా. సరే మామా అన్నాను. వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుంటే కడుపులో మంట పొయ్యి కంటే ఎక్కువుంది.

మూడో రోజు ములుగు బస్సులో నీళ్ళ సీసాలు వచ్చాయి. రెండు గీతల కుండలో పోశాను. తెల్లారి భారతి స్నానానికి పోయింది. మామ దేవుడి దగ్గర ఉన్నారు. నేను ఆ కుండ ఎత్తుకుని పెరట్లోకి పోయి కరివేపాకు చెట్టు మొదట్లో వంచాను. బావిలో చేద వేసి మా నీళ్ళు తోడి, అదే కుండ నింపి, తెచ్చి దాని చోట పెట్టాను. ఒక కుండ నింపినంత మామూలుగా జరిగిపోయింది.

కుంపటి మీద నీళ్ళు పెట్టబోయే ముందు భారతికి ఒక అలవాటుంది. ఉత్త నీళ్ళు ఒక గుక్క నోట్లో పోసుకుంటుంది. ఆ రోజూ పోసుకుంది. మింగకుండా అట్లాగే ఆగి నా వైపు చూసింది.

"అక్కా, ఇవి మన బాయి నీళ్ల లెక్కున్నయ్."

"అది రెండు గీతల కుండ. కండ్లు కనపడ్తలేవా?" అన్నాను.

"కుండ అదే అక్కా. నీళ్లే..."

మామ చేయి చాపారు. ఆమె చెంచాతో నీళ్ళు ఆయనకిచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని నోట్లో తిప్పారు. కుంపటి విసురుతున్న నేను విసరడం ఆపేశాను.

"నాకు గూడ గట్లనే అనిపిస్తాంది" అన్నారు మెల్లగా.

"మామా, నిన్న బస్సుల సీసాలొచ్చినయ్. నా చేతుల్తోని ఆ కుండల పోసిన" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే గొంతు గట్టిగా వచ్చింది.

ఆయన నా ముఖంలోకి చూశారు. ఎంతసేపో కాదు, చెంచా కిందపెట్టినంతసేపు. తర్వాత తల ఊపారు.

"అనసూయ పోసిందంటె ములుగు నీళ్లే. ఇగ ఆ మాట ఇడిసిపెట్టు భారతీ. నీది జలుబై ఉంటది, నాది ముసలితనం."

భారతి కుంపటి మీద నీళ్ళు పెట్టింది. కప్పులు వరసగా పెట్టింది. ఆ నీళ్ళలో నీలగిరి దిగలేదు, దిగదని నాకు తెలుసు. ఆమె అస్సాం పాలు పెంచుతూ పోయింది. సగం అస్సాం, పావు డూఆర్స్, పావు నీలగిరి అయ్యాక కప్పులో రంగు, బలం వచ్చాయి. పాలు పోసి మామకిచ్చింది. ఆయన జుర్రి బాగుందన్నారు. ములుగు నీళ్ళలో ఆ చాయ్ నోట్లో పెట్టలేరని మా ముగ్గురిలో తెలిసింది నాకొక్కదానికే అనుకున్నాను. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం డబ్బా ములుగు బస్సెక్కింది.

నాలుగో రోజు సారయ్య డబ్బా పట్టుకుని వచ్చాడు. జాతరకు ఇంకా చాలా రోజులున్నా ముందస్తు మొక్కుల వాళ్ళ బస్సులు మొదలయ్యాయట.

"సేటూ, తప్పు వట్టకు. ఈ చాయ్ తాగితె నాలుక గుంజుకపోతాంది. గిలాసలన్నీ సగం సగం ఇడిసిపెట్టి పోతాన్రు. నాకు కొత్తది వద్దు ఏమొద్దు, పాతదే ఇయ్యి."

పరదా వెనక నా పక్కనే భారతి నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. ఇప్పుడు పిలుస్తారు, పీట తీసేయమంటారు, రైలు పిల్ల మళ్ళీ బియ్యం ఏరుకుంటుంది అని నేను లెక్క వేసుకుంటున్నాను. లోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేను.

మామ డబ్బా మూత తీసి వాసన చూశారు. మూత పెట్టేశారు.

"కలిపినోళ్ల తప్పు గాదు సారయ్యా, నాది" అన్నారు. "ఆఖర్న నోట్లె పోసుకొని సరే అన్నది నేను. ఈ మధ్యన నాకు నీళ్లే తెలుస్తలేవు. ఇగ చాయ్ ఏం తెలుస్తది."

హోటల్ వాడి ముందు, సొంత దుకాణంలో గద్దె మీద కూర్చుని అన్నారు ఆ మాట. సారయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. పాత చాయపత్తి తీసుకుని పోయాడు. జాతర బాగానే జరిగింది. సారయ్యకు ఏ నష్టమూ రాలేదు.

నష్టమంతా మా ఇంట్లో జరిగింది. మామ తన వెండి చెంచా కడిగి, తుడిచి, దేవుడి గూట్లో పెట్టేశారు. అది ఆయన తండ్రి ఇచ్చిన చెంచా. "ఇగ మీరే సూసుకోండ్రి బిడ్డా" అన్నారు. మరునాడు పొద్దున పీట మీద కూర్చోలేదు. భారతి కూడా రాలేదు. పిలిస్తే "నాకు పనున్నది అక్కా" అంది.

నేనొక్కదాన్నే కూర్చున్నాను. కోరుకున్నదే కదా. ఆరు కప్పులూ నావే, మూడు పీటలూ నావే. సుర్రుమని జుర్రితే ఆ చప్పుడు గోడకు తగిలి నాకే వినిపించింది. ఒక నీలగిరి చాలా బాగుంది. కప్పు పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను.

"మామా, గిది జర సూడుండ్రి."

"నువ్వు సూసినవ్ గద" అన్నారు. పేపర్ తిప్పుకున్నారు.

చాయ్ తాగడం కూడా మానేశారు. పాలు చాలన్నారు. అన్నం దగ్గర కూర్చుంటే ముందు మా ఆయనను అడిగేవారు, "ఉప్పు సరిపోయిందారా?" అని. సరిపోయింది అంటేనే తినేవారు. కూరలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైనా విస్తరి ముందు నుంచే కేకేసే మనిషి. ఒకరోజు చారులో ఉప్పు వేయడం మరిచిపోయాను. తిన్నారు, లేచారు, చేయి కడుక్కున్నారు. మా ఆయన నోట్లో పెట్టుకున్నాకే తెలిసింది నాకు.

అయినా నేను నోరు విప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. రోజులు పోతే అలవాటవుతుందనుకున్నాను. ముసలితనం అందరికీ వచ్చేదే అని కూడా అనుకున్నాను, ఆ ముసలితనం నేను తెచ్చిపెట్టింది కానట్టు.

శివరాత్రి దాటాక ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆయనకు గ్లాసుతో పాలు ఇచ్చి వంటింట్లోకి వచ్చాను. గిన్నెలో మిగిలినవి చూస్తే విరిగిపోయి ఉన్నాయి. పులిసిన వాసన ముక్కుకు కొడుతోంది. పరుగెత్తాను. ఆయన అప్పటికే ఆఖరి గుక్క తాగి గ్లాసు కింద పెడుతున్నారు. గ్లాసు అడుగున పలుకులు కనిపిస్తున్నాయి.

"పాలు విరిగినయ్ గద మామా, తెల్వలేదా?"

"అనిపించింది బిడ్డా" అన్నారు. "గానీ నాకనిపించింది నిజమని ఏమున్నది. మంచియేనేమో అని తాగిన."

గ్లాసు తీసుకుని లోపలికి వచ్చాను. ఏడుపు కూడా రాలేదు. నేను కొట్టాలనుకున్నది భారతిని. ఆమె నాలుక చెక్కుచెదరకుండా ఆమె నోట్లోనే ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి మాత్రం విరిగిన పాలు తాగి, విరిగాయని అనడానికి భయపడుతున్నాడు. అదీ నా మాట మీద నమ్మకంతో.

ములుగు బస్సు కండక్టర్‌కు చెప్పి పంపాను. మూడో రోజుకు నీళ్ళు వచ్చాయి. ఒక గ్లాసులో అవి, ఇంకో గ్లాసులో మా బావి నీళ్ళు పోసి మామ ముందు పెట్టాను.

"ఏది ఏ నీళ్లో చెప్పుండ్రి మామా."

"ఎందుకు సతాయిస్తవ్ అనసూయా."

"ఒక్కసారి. మీ కాళ్లు మొక్కుత."

ఆయన మొదటిది తాగారు. రెండోది తాగారు. మళ్ళీ మొదటిది. "ఇది మన బాయి. ఇది ములుగు" అన్నారు. అని, నా ముఖంలోకి చూసి, "కాదా?" అని అడిగారు. నన్ను. పావలా బిళ్ళ ఎత్తు తూచడం నాకు నేర్పిన మనిషి నన్ను అడిగారు.

"అదే మామా. మీ నాలుకకేం కాలేదు. ఆ రోజు గూడ మీరు చెప్పిందే నిజం. రెండు గీతల కుండల ములుగు నీళ్లు పారబోసి మన బాయి నీళ్లు పోసిన."

ఆయన రెండు గ్లాసులూ పక్కకు జరిపి ఒక్క మాట అడిగారు.

"ఎందుకు?"

"ములుగు నాది మామా" అన్నాను. "నా ములుగు తీసి ఆమెకిచ్చిండ్రు." ఇంకేదో చెప్పాలనుకున్నాను. తొక్కు సంగతి, పరదా సంగతి, రైలు పిల్ల అన్న సంగతి. అవేవీ చెప్పకుండా గ్లాసులు చేతిలోకి తీసుకున్నాను.

భారతి ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. మామ ఆమె వైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

"తెలుసు మామా. ఆ పొద్దు కరివేపాకు చెట్టు మొదట్ల తడి ఉండె. దానికి రోజూ నీళ్లు పోసేది నేనే. ఆ రోజు నేను పొయ్యలే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అక్క మాట మీద మీరు మీ నాలుకనే కాదన్నరు. ఇగ నా మాటెవరు వింటరని." ఆమె గొంతులో ఇంత కోపం కూడా లేదు. ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది.

మామ లేచి దేవుడి గూట్లోంచి చెంచా తీసుకుని అంగీ జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం దుకాణంలో చాయ్ తెప్పించుకుని తాగారు. అన్నం దగ్గర, చారులో చింతపండు ఎక్కువైందని కేకేశారు. నిజంగానే ఎక్కువైంది.

తెల్లారి మూడు పీటలూ వేసి ఉన్నాయి. నేను గోడ పక్కన నిలబడ్డాను, పీట మీద కూర్చునే ముఖం ఎక్కడిది నాకు.

"అనసూయా, నీ పీట మీద కూసో" అన్నారు మామ. "నీ నాలుకల ఏ లోపం లేదు. ములుగుది ఇప్పటి సంది నువ్వే సూడు. అది నీదే."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చున్నాను. అలవాటుగా కుండ వైపు చేయి చాపాను.

"నీళ్లు ముట్టకు" అన్నారు. గొంతు పెంచలేదు. "నీళ్లు ఇగ భారతి పోస్తది."

ఇది జరిగి ఆరేళ్ళయింది. మామకు డెబ్బై ఆరు, ఇప్పటికీ సుర్రుమని జుర్రుతారు. ములుగు చాయ్ ఇప్పటికీ నాదే. సారయ్య వచ్చి పొగిడితే మామ పరదాకు ఈ అంచునే చూస్తారు. కుండలకు కొత్తగా సున్నం గీతలు భారతి పెట్టింది, నావి అరిగిపోయాయి. వారానికి రెండు పొద్దులు ఆమె కుండ వంచి నీళ్ళు పోస్తుంది, మేం చూస్తాం. అవి ఏ ఊరి నీళ్ళని మామ ఆమెను ఒక్కసారి కూడా అడగరు. నాకు ఒళ్ళు మండుతుంది. పన్నెండేళ్ళు నన్ను కూడా అడగలేదు.